చందా పుస్తకం ఫోన్‌లోకి వచ్చాక: ఒడిశా సరిహద్దు తెలుగువారికి క్రౌడ్‌ఫండింగ్ ఎంతవరకు పనికొస్తుంది?

క్లుప్తంగా: ఒక పనికి కావలసిన డబ్బును ఇంటర్నెట్ ద్వారా చాలామంది దగ్గర కొద్దికొద్దిగా పోగుచేయడాన్ని క్రౌడ్‌ఫండింగ్ అంటున్నారు. అలాగే చాలామంది తెలివినీ, తీరికనూ ఒక పనికి కూడగట్టడాన్ని క్రౌడ్‌సోర్సింగ్ అంటున్నారు. మన దేశంలో చందాగా, ముందస్తు కొనుగోలుగా, నిబంధనలకు లోబడి అప్పుగా డబ్బు తీసుకోవచ్చు. కంపెనీ వాటాలను మాత్రం ఇలా జనానికి అమ్మకూడదు. రాయగడ, గజపతి, గంజాం, కొరాపుట్ జిల్లాల తెలుగువారికి రాష్ట్రాల గీత దాటి తమవాళ్ళను చేరుకునే దారి దీనివల్ల తెరుచుకుంటుంది. భాష, రిజిస్ట్రేషన్, విదేశీ విరాళాల నిబంధనలు ఆ దారిలో అడ్డొస్తాయి. మొదట జనాన్ని పనిలోకి పిలిచి, ఆ తర్వాత డబ్బు అడిగితే ఈ అడ్డంకుల్లో చాలావరకు తగ్గుతాయన్నది ఈ వ్యాసం వాదన.

గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి, బరంపురం తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఆస్పత్రి ఖర్చులకు సాయం అడిగే లింకులు ఇప్పుడు మామూలైపోయాయి. ఒక ఫొటో, నాలుగు వాక్యాల కథ, కింద ఒక క్యూఆర్ కోడ్ ఉంటాయి. వాటి మధ్య అప్పుడప్పుడు ఇంకో రకం లింకు కనబడుతుంది. ఊళ్ళో గ్రంథాలయం పెడతామని ఒకరు, చిన్న యంత్రం తయారుచేస్తామని ఒకరు, పాత పుస్తకాలు స్కాన్ చేస్తామని మరొకరు అడుగుతుంటారు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి జనం రెండిటినీ ఒకే కళ్ళతో చూస్తారు. నిజానికి రెండూ వేరు. జబ్బు మనిషికి జాలితో ఇస్తారు, ఇచ్చి మరిచిపోతారు. ప్రాజెక్టుకు ఇచ్చినవాళ్ళు అది పూర్తవుతుందన్న నమ్మకంతో ఇస్తారు, ఆరు నెలల తర్వాత ఏమైందని అడుగుతారు. ఈ వ్యాసం రెండో రకం గురించి.

పాత అలవాటులో ఉన్న బలం ఏమిటి

నలుగురి డబ్బుతో పని జరిపించుకోవడం తెలుగు ఊళ్ళకు కొత్త కాదు. పెళ్ళి పందిట్లో చదివింపుల దగ్గర ఒకరు మైకు పట్టుకుంటారు, ఒకరు పుస్తకం రాస్తారు. ఎవరు ఎంత చదివించారో పేరుతో సహా అందరికీ వినబడుతుంది. రేపు వాళ్ళింట్లో శుభకార్యం వస్తే ఈ పుస్తకం తీసి చూసుకుంటారు. ఊరి సంబరానికి ఇంటికింత అని చందా వేసినా అంతే. ఇచ్చింది నలుగురికీ తెలుస్తుంది, ఇవ్వనిదీ తెలుస్తుంది. లెక్క చెప్పకపోతే పెద్దమనిషి మర్నాడు అదే వీధిలో నడవాలి.

ఈ ఏర్పాటును నడిపించేవి మూడు: రాసిన లెక్క, తిరిగి ఇచ్చిపుచ్చుకునే బాధ్యత, మాట పోతుందన్న భయం. ఆన్‌లైన్‌లోకి వచ్చేసరికి లెక్క మాత్రం మిగులుతుంది, నిజానికి ఇంకా మెరుగవుతుంది. మిగతా రెండూ పల్చబడతాయి. ఎక్కడో బెంగళూరులో కూర్చుని 500 రూపాయలు పంపినవాడికి పర్లాకిమిడి వీధిలో ఎదురుపడి నిలదీసే అవకాశం లేదు. క్రౌడ్‌ఫండింగ్ వేదికల నిబంధనలన్నీ ఈ లోటును పూడ్చడానికి పుట్టినవే.

చరిత్రలో ఎక్కువగా చెప్పే ఉదాహరణ అమెరికాది. న్యూయార్క్‌లో స్వేచ్ఛా విగ్రహాన్ని నిలబెట్టే దిమ్మెకు డబ్బు చాలనప్పుడు, 1885లో జోసెఫ్ పులిట్జర్ తన పత్రిక ద్వారా పాఠకులను అడిగాడు. లక్షమందికి పైగా జనం కలిసి లక్ష డాలర్లకు పైగా ఇచ్చారు. వాళ్ళలో ఎక్కువమంది ఇచ్చింది ఒక్కొక్కరు డాలరు లోపే. ఇచ్చినవారి పేర్లను పత్రికలో అచ్చు వేయడం ఆ ప్రయత్నానికి ప్రాణం పోసింది. అది మన చదివింపుల మైకు చేసే పనే.

మన దేశంలో 1976లో వచ్చిన ‘మంథన్’ సినిమాకు గుజరాత్ పాల రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు వేసుకున్నారు. దీన్ని గుర్తుచేసేవాళ్ళు సాధారణంగా అంకె దగ్గర ఆగిపోతారు. అసలు విషయం ఇంకొకటి. ఆ 5 లక్షల మందిని ఎవరూ కొత్తగా వెతికి తేలేదు. వాళ్ళు అప్పటికే పాల సహకార సంఘాల సభ్యులు, రోజూ పాలు పోసి లెక్క చూసుకునేవాళ్ళు. జనం ముందు ఉన్నారు, సినిమా తర్వాత వచ్చింది.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే పద్ధతి ఒక్క దాత ఇవ్వడం. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అండగా నిలిచారు. విశాఖలోని సైన్సు కళాశాలకు ఆయన పేరు పెట్టారు. ఒక్క దాత ఉన్నప్పుడు పని వేగంగా జరుగుతుంది, కానీ దిశను ఆ దాత ఇష్టమే నిర్ణయిస్తుంది. వెయ్యిమంది ఇచ్చినప్పుడు పని నెమ్మదిస్తుంది, సమాధానం చెప్పుకోవలసినవాళ్ళు పెరుగుతారు. ఏది మంచిదన్నది పనిని బట్టి ఉంటుంది.

డబ్బు వచ్చే నాలుగు దారులు, చట్టం గీసిన గీతలు

మొదటిది చందా. ఇచ్చినవాళ్ళకు తిరిగి ఏమీ రాదు. ఇలా చందాలు పోగుచేసే వెబ్‌సైట్లలో మిలాప్ 2010లో, కెట్టో 2012లో మొదలయ్యాయి. వీటి మీద వైద్య ఖర్చుల విన్నపాలే ఎక్కువగా కనబడతాయి. గుర్తింపు ఉన్న ట్రస్టుకో సొసైటీకో ఇస్తే, పాత పన్ను విధానం ఎంచుకున్నవారికి ఆదాయపు పన్నులో మినహాయింపు దొరుకుతుంది, నగదుగా 2,000 రూపాయలకు మించి ఇస్తే దొరకదు. డబ్బు ఒక వ్యక్తి సొంత ఖాతాలో పడితే ఇంకో చిక్కు ఉంది. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో వచ్చిన మొత్తం 50,000 రూపాయలు దాటితే దాన్ని ఆ వ్యక్తి ఆదాయంగా పన్ను శాఖ లెక్కగట్టవచ్చు. ఊరి గ్రంథాలయానికని ఒక కుర్రాడి గూగుల్ పేకి డబ్బు రప్పించుకునే గ్రూపులు ఈ సంగతి పట్టించుకోవు.

రెండోది ముందస్తు కొనుగోలు. దీన్ని బరంపురం పట్టుచీరల నేతగాళ్ళకు వివరించనక్కర లేదు. బయానా తీసుకుని మగ్గం ఎక్కించడం వాళ్ళ ఇళ్ళలో తరాలుగా ఉన్నదే. అమెరికాలో 2009లో మొదలైన కిక్‌స్టార్టర్ చేసిందల్లా ఆ బయానాను వేలమంది అపరిచితుల దగ్గర ఒకేసారి తీసుకునేలా ఏర్పాటు చేయడం. వస్తువు ఇస్తున్నారు కాబట్టి ఇది అమ్మకమే, అమ్మకానికి ఉండే పన్నులన్నీ దీనికీ ఉంటాయి.

మూడోది అప్పు. ఒకరి దగ్గర నుంచి ఇంకొకరికి నేరుగా అప్పు ఇప్పించే వేదికలకు రిజర్వు బ్యాంకు 2017లో నిబంధనలు పెట్టింది. ఒక రుణదాత ఒకే వ్యక్తికి 50,000 రూపాయలకు మించి ఇవ్వకూడదు. అప్పు తీసుకునే మనిషికి అన్ని వేదికల మీదా కలిపి 10 లక్షలే పరిమితి. గడువు 36 నెలలు దాటకూడదు. అసలు సొమ్ము తిరిగి వస్తుందని వేదిక హామీ ఇవ్వకూడదు. 2024 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఈ నిబంధనలను ఇంకా బిగించింది.

నాలుగోది వాటా. ‘మా కంపెనీలో పెట్టుబడి పెట్టండి, లాభంలో భాగం ఇస్తాం’ అని ఆన్‌లైన్‌లో జనాన్ని పిలవడం మన దగ్గర కుదరదు. వాటాల మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2014లో దీనిపై చర్చాపత్రం విడుదల చేసింది, చట్టం మాత్రం రాలేదు. అనుమతి లేని ఇలాంటి వేదికల గురించి 2016లో మదుపరులను హెచ్చరించింది కూడా. కంపెనీల చట్టం ప్రకారం ఒక ప్రైవేటు కంపెనీ ఒక ఆర్థిక సంవత్సరంలో 200 మందికి మించి వాటాలు ఇవ్వజూపకూడదు, అదీ బహిరంగ ప్రకటన లేకుండా.

వీటన్నిటి పక్కనే ఒక గొయ్యి ఉంది. ‘ఇంత కట్టండి, ఏడాదికి ఇంత ఇస్తాం’ అన్న మాట వచ్చిందంటే అది డిపాజిట్ కిందికి వస్తుంది. బోర్డు తిప్పేసిన డిపాజిట్ కంపెనీల వల్ల ఒడిశాలో ఎన్ని కుటుంబాలు నష్టపోయాయో ఈ జిల్లాల్లో అందరికీ తెలుసు. డిపాజిటర్ల రక్షణకు ఒడిశా 2011లో ప్రత్యేక చట్టం చేసుకుంది. అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ కేంద్రం 2019లో చట్టం తెచ్చింది. మంచి ఉద్దేశంతో మొదలుపెట్టిన యువకులు కూడా ఉత్సాహంలో ‘రిటర్న్స్’ అన్న ఒక్క మాట రాసి ఈ చట్టాల పరిధిలోకి వెళ్ళిపోయే ప్రమాదం ఉంది.

గురి చేరితేనే డబ్బు

కిక్‌స్టార్టర్ పెట్టిన నియమం ఒకటి అర్థం చేసుకోదగ్గది. అనుకున్న మొత్తం గడువులోగా రాకపోతే ఎవరి డబ్బూ కోత పడదు. మొత్తం వస్తేనే అందరి నుంచీ తీసుకుంటారు. ఇస్తానన్నవాడి మనసులో ఉండే మొదటి భయం ‘నేను వెయ్యి ఇస్తాను, మిగతావాళ్ళు ఇవ్వకపోతే నా వెయ్యీ పోయినట్టే కదా’ అన్నది. ఈ నియమం ఆ భయాన్ని తీసేస్తుంది. వచ్చినంత తీసుకునే పద్ధతిలో ఆ భయం అలాగే ఉంటుంది. అడిగిన 5 లక్షల్లో లక్షే వచ్చినప్పుడు యంత్రం తయారు కాదు, లక్ష మాత్రం ఖర్చయిపోతుంది. మన దగ్గర క్యూఆర్ కోడ్ పెట్టి నేరుగా అడిగే ప్రతి ప్రాజెక్టూ ఈ రెండో రకమే.

మొదటి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది ఇంకా ముఖ్యం. ఆమ్‌స్టర్‌డామ్ కేంద్రంగా నడిచిన సెల్లాబ్యాండ్ అనే సంగీత వేదిక మీద టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన అధ్యయనం బాగా పేరు పొందింది. కళాకారుడికీ డబ్బు పెట్టినవారికీ మధ్య సగటు దూరం దాదాపు 5,000 కిలోమీటర్లని అందులో తేలింది. దూరం అడ్డు కాదని చెప్పడానికి దీన్ని వాడుకుంటారు. అదే అధ్యయనంలో ఇంకో విషయం ఉంది. తొలి రోజుల్లో డబ్బు పెట్టింది ఎక్కువగా దగ్గరివాళ్ళూ స్నేహితులూ. వాళ్ళు పెట్టింది చూసి దూరంవాళ్ళు వచ్చారు. కిక్‌స్టార్టర్ అంకెలు కూడా ఇదే చెబుతాయి. గురిలో 20 శాతం దాటిన ప్రాజెక్టుల్లో సుమారు 5లో 4 గట్టెక్కుతాయి. మొత్తం ప్రాజెక్టులు చూస్తే 10లో 4 మాత్రమే.

అంటే అపరిచితుడి డబ్బుకు దారి పరిచయస్థుడి జేబు గుండా వెళుతుంది. తెలియని జనం మీద ఆశతో లింకు పెట్టి ఎదురుచూసేవాళ్ళకు టెన్షన్ తప్ప మిగిలేది తక్కువ.

ఒక లెక్క: సామల మర

అంకెలు లేకుండా ఇది అర్థం కాదు కాబట్టి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. రాయగడ, గజపతి కొండ ఊళ్ళలో చోళ్ళతో పాటు సామలు పండుతాయి. చోళ్ళను నేరుగా పిండి ఆడించుకోవచ్చు. సామలకు ముందు పొట్టు తీయాలి, అది చాలా ఇళ్ళలో ఆడవాళ్ళ రోకటి పని. ఒడిశా ప్రభుత్వం 2017లో మిల్లెట్స్ మిషన్ మొదలుపెట్టాక ఈ పంటల మీద శ్రద్ధ పెరిగింది. ఊరికి దగ్గర్లో నడిచే చిన్న మర కావాలన్న కోరిక అందులోంచి సహజంగా వచ్చేదే. గుణుపురం దగ్గర నలుగురు యువకులు అలాంటి మర నమూనా తయారుచేయాలనుకున్నారని అనుకుందాం. చేతికి రావలసిన డబ్బు 4 లక్షలు.

వేదిక 5 శాతం, డబ్బు చెల్లింపు సంస్థ 2 శాతం తీసుకుంటాయని, వాటి మీద 18 శాతం జీఎస్టీ ఉంటుందని వేసుకుంటే కోత 8.26 శాతం. చేతికి 4 లక్షలు రావాలంటే అడగాల్సింది దాదాపు 4,36,000. ఇచ్చినవారిలో 300 మందికి కిలో సామబియ్యం పంపుతామని మాట ఇస్తే, ప్యాకింగు, కొరియర్ కలిపి తలకు 150 చొప్పున ఇంకో 45,000. కోతతో కలిపి గురి సుమారు 4,85,000 అవుతుంది. సామబియ్యం ఖరీదు ఇందులో ఇంకా లేదు.

సగటున తలకు వెయ్యి ఇస్తే 485 మంది కావాలి. లింకు చూసిన వందమందిలో ఇద్దరు ఇస్తారనుకున్నా అది 24,250 మంది కంటబడాలి. నలుగురు యువకుల ఫోన్లలో ఉన్న పేర్లన్నీ కలిపినా అంతమంది ఉండరు. మిగతావాళ్ళు ఎక్కడి నుంచి వస్తారన్నదే అసలు ప్రశ్న, దానికి జవాబు డబ్బు అడగడంలో లేదు.

డబ్బుకు ముందు పని అడగడం

ఇంటర్నెట్ జనం వల్ల డబ్బుకంటే పెద్ద లాభాలు వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. క్రౌడ్‌సోర్సింగ్ అన్న మాటను 2006లో జెఫ్ హౌ అనే పాత్రికేయుడు వాడుకలోకి తెచ్చాడు. పద్ధతి అంతకంటే చాలా పాతది. సముద్రం మీద రేఖాంశం కనిపెట్టే ఉపాయం చెప్పినవారికి 20,000 పౌండ్ల వరకు ఇస్తామని బ్రిటిష్ పార్లమెంటు 1714లోనే ప్రకటించింది. మన జేబులోని నోటు మీదా ఇలాంటి పోటీ గుర్తు ఉంది. రూపాయి చిహ్నం ₹ కోసం ప్రభుత్వం బహిరంగ పోటీ పెట్టగా 3 వేలకు పైగా నమూనాలు వచ్చాయి. డి. ఉదయకుమార్ గీసినదాన్ని 2010 జులైలో ఎంపిక చేశారు.

పోటీలో ఒకరు గెలుస్తారు, మిగతా శ్రమ పక్కకు పోతుంది. కలిసి కట్టే పద్ధతి వేరు. 1991లో మొదలైన లినక్స్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్, 2001లో మొదలైన వికీపీడియా, 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఆన్‌లైన్ పటం ఇలా పెరిగినవే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. వీటిలో ఒక్కొక్కరు చేసేది చాలా చిన్న పని: ఒక అక్షర దోషం దిద్దడం, ఒక వీధి గీయడం. పనిని అంత చిన్న ముక్కలుగా కోయగలిగినప్పుడే జనం చేయి వేస్తారు. ‘మా ప్రాజెక్టుకు సలహాలు ఇవ్వండి’ అంటే ఎవరూ ఇవ్వరు. ‘ఈ జల్లెడ కన్నాల్లో మీ ఊరి సామకు ఏది సరిపోతుంది? రెండు ఫొటోలు పెట్టండి’ అంటే ఇస్తారు.

సామల మర విషయంలో ఇదే జరగాలి. గింజ సైజు ఊరూరికీ మారుతుంది, తేమ మారుతుంది, కరెంటు వోల్టేజీ మారుతుంది. నమూనా గీతలను అందరికీ కనబడేలా పెట్టి, రాయగడలో వెల్డింగు షాపు నడిపేవాడినీ, విశాఖలో ఇంజనీరింగు చదివే కుర్రాడినీ, ఇప్పటికే మర వాడుతున్న మహిళా సంఘాన్నీ అందులోకి పిలిస్తే మూడు నెలల్లో రెండు వందల మంది దాని గురించి మాట్లాడుకునే స్థితి రావచ్చు. అప్పుడు డబ్బు అడిగితే ఆ రెండు వందల మంది తమ పనికి తామే డబ్బు వేస్తారు. ‘మంథన్’కు పాల సంఘాలు ఉన్నట్టు ఈ మరకు ముందే ఒక జనం తయారవుతుంది. తప్పులు కూడా కాగితం మీదే బయటపడతాయి, ఇనుము కోసిన తర్వాత కాదు.

లెగో బొమ్మల సంస్థ ఇదే వరసను వ్యాపారంలో వాడుతుంది. కొత్త బొమ్మ ఆలోచనకు 10,000 మంది మద్దతు వస్తే దాన్ని సంస్థ పరిశీలిస్తుంది. తయారుచేస్తే ఆలోచన ఇచ్చినవారికి నికర అమ్మకాల్లో 1 శాతం ఇస్తుంది. ఇక్కడ గమనించాల్సింది ఆ 1 శాతం. జనం శ్రమ మీద వచ్చే లాభంలో వాళ్ళకు ఏం దక్కుతుందో ముందే రాసి ఉంది. మన ప్రాజెక్టుల్లో ఆ మాట ఎవరూ రాయరు. తర్వాత గొడవలు వచ్చేది అక్కడే.

సరిహద్దు తెలుగువారికి బాగా నప్పే పని ఇంకొకటి భాషకు సంబంధించింది. రాయగడ తెలుగులో ఒడియా మాటలు, ఉత్తరాంధ్ర యాస కలిసి ఉంటాయి. ఫోన్‌తో మాట్లాడితే చాలాసార్లు ఫోన్‌కు అర్థం కాదు. కేంద్ర ప్రభుత్వ భాషిణి కార్యక్రమంలోని ‘భాషా దాన్’, మొజిల్లా సంస్థ నడిపే ‘కామన్ వాయిస్’ యంత్రాలకు మన భాషలు నేర్పడానికి జనం గొంతులను, వాక్యాలను చందాగా అడుగుతాయి. తెలుగు, ఒడియా రెండూ అక్కడ ఉన్నాయి. గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూ సవర గిరిజనులతో కూర్చుని ఒక్కొక్క మాటా సేకరించి నిఘంటువు తయారుచేయడానికి దశాబ్దాలు పట్టింది. ఆ రకం పనిని ఇప్పుడు వందలమంది పంచుకోవచ్చు. దానికి రూపాయి కూడా అడగనక్కర లేదు.

సరిహద్దు తెచ్చే చిక్కులు

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సు అయినప్పుడు పర్లాకిమిడి పట్టణం ఒడిశాలోకి వెళ్ళింది, ఆ జమీందారీలో కొంత భాగం ఆంధ్ర వైపే ఉండిపోయింది. చుట్టరికాలు రెండు వైపులా ఉన్నాయి, ప్రభుత్వాల పథకాలు మాత్రం గీత దగ్గర ఆగుతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళమూ దెబ్బతింది, గజపతీ దెబ్బతింది. పరిహారం జాబితాలు ఎవరి రాష్ట్రానివి వారివే. ఆన్‌లైన్ చందాకు ఆ గీత లేదు. విజయనగరం మనిషి రాయగడ గ్రంథాలయానికి డబ్బు పంపడానికి ఎవరి అనుమతీ అక్కర లేదు. సరిహద్దువారికి క్రౌడ్‌ఫండింగ్ ఇచ్చే అసలు లాభం ఇదే.

చిక్కు కాగితాల దగ్గర మొదలవుతుంది. ఒడిశాలో సొసైటీలు 1860 నాటి చట్టం కింద రిజిస్టరవుతాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2001 నాటి చట్టం కింద. మహారాష్ట్రలోని సిరోంచ, కిన్వట్, ధర్మాబాద్ ప్రాంతాల తెలుగువారైతే పబ్లిక్ ట్రస్టుల చట్టం, 1950 ప్రకారం ఛారిటీ కమిషనర్ పరిధిలోకి వస్తారు. రెండు రాష్ట్రాల సభ్యులతో నడవాల్సిన సంస్థకు కంపెనీల చట్టంలోని లాభాపేక్ష లేని కంపెనీ, అంటే సెక్షన్ 8 కంపెనీ, అనువుగా ఉంటుంది. అది కేంద్ర చట్టం. ఖర్చూ ఆడిట్ పనీ కాస్త ఎక్కువే అయినా, తర్వాత వచ్చే తలనొప్పులు తగ్గుతాయి.

విదేశాల్లోని తెలుగువారి మీద పెట్టుకునే ఆశ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న అన్నయ్య పంపితే, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. దానికి 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. ఊరి సంఘానికి ఇది సామాన్యంగా సాధ్యమయ్యే పని కాదు. అదే అన్నయ్య మామూలు వ్యాపార పద్ధతిలో బరంపురం చీరకు ధర కట్టి ముందే కొంటే, అది విరాళం కాదు. అందుకే విదేశాల్లో బంధువులున్న చేనేత కుటుంబాలకు చందాకంటే ముందస్తు కొనుగోలే సురక్షితమైన దారి.

భాష సంగతి అందరూ తేలిగ్గా తీసుకుంటారు. రిజిస్ట్రేషను కాగితాలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. వేదికల ఫారాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. డబ్బిచ్చే బంధువులు తెలుగు చదువుతారు, పని జరిగే ఊళ్ళో సవర, కోంధు, ఒడియా మాట్లాడతారు. ఒకే ప్రాజెక్టుకు మూడు చోట్ల మూడు రకాలుగా రాస్తే, చిన్న తేడాలు కూడా అనుమానాలకు దారితీస్తాయి. ఇంగ్లీషు పేజీలో ‘నమూనా తయారీ’ అని ఉండి, తెలుగు మెసేజ్‌లో ‘ఊరికి మర ఇస్తాం’ అని ఉంటే, ఏడాది తర్వాత ఊరివాళ్ళు మర ఏదని అడుగుతారు. అలా అడగడం న్యాయమే.

డబ్బు వచ్చినా పని ఎందుకు ఆగుతుంది

ప్రాజెక్టులు ఎక్కువగా మోసం వల్ల చెడతాయని జనం అనుకుంటారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఈథన్ మాలిక్ 2015లో కిక్‌స్టార్టర్ మీద చేసిన అధ్యయనం ప్రకారం, డబ్బు పోగైన ప్రాజెక్టుల్లో ఇస్తామన్న వస్తువు ఇవ్వలేనివి 9 శాతం. ఆలస్యం మాత్రం దాదాపు నియమం లాంటిది. అంతకుముందు ఆయన చేసిన పరిశీలనలో నాలుగింట మూడు వంతులకు పైగా చెప్పిన గడువు దాటాయి.

జానో అనే చిన్న డ్రోన్ ఉదాహరణ చూడండి. వేల్స్‌కు చెందిన ఒక సంస్థ 1,25,000 పౌండ్లు అడిగితే 12,000 మంది కలిసి 23 లక్షల పౌండ్లు ఇచ్చారు. నమూనా అప్పటికి సరిగ్గా ఎగరడమే లేదు. అడిగినదానికి 18 రెట్లు వచ్చిన డబ్బు ఆ లోపాన్ని సరిదిద్దలేదు, పైగా చేయాల్సిన డ్రోన్ల సంఖ్యను పెంచింది. 2015లో సంస్థ మూతపడింది. డబ్బు ఎక్కువ రావడం కూడా ప్రమాదమేనని చెప్పే కథ ఇది. సామల మరకు 300 మందికి కిలో చొప్పున మాట ఇచ్చినవాళ్ళకు 3,000 మంది వస్తే, 3 టన్నుల సామబియ్యం ఎక్కడి నుంచి తెస్తారు? గురికి పైన ఒక హద్దు కూడా పెట్టుకోవాలని దీని అర్థం. దాన్ని దాదాపు ఎవరూ పెట్టరు.

నిజమైన మోసాలు ఎక్కువగా వేదికల బయట, ఫార్వర్డ్ మెసేజ్‌లలో కనబడతాయి. అసలు విన్నపంలోని క్యూఆర్ కోడ్ తీసేసి తమది అతికించడం తేలిక. డబ్బు పంపే ముందు తెరమీద వచ్చే ఖాతాదారు పేరు చూసుకుంటే చాలావరకు బయటపడుతుంది. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ కొట్టమన్నారంటే అది మోసమే, డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర లేదు. మోసపోయామని తెలిసిన వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేస్తే డబ్బు ఆగే అవకాశం ఉంటుంది.

ముందు ముందు ఎవరికి ఎంత

దీనివల్ల మొదట బాగుపడేది అమ్మడానికి చేతిలో వస్తువు ఉన్నవాళ్ళు. 2012లో భౌగోళిక గుర్తింపు పొందిన బరంపురం పట్టు, ఇటీవల అదే గుర్తింపు వచ్చిన కొరాపుట్ కాలాజీరా బియ్యం లాంటివాటికి కొనేవాళ్ళు దూరంలో ఉన్నారు, ముందే ధర కట్టడానికి సిద్ధంగా ఉంటారు. పెద్ద సేవా సంస్థలకు స్టాక్ మార్కెట్ ద్వారా నిధులు సేకరించే సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ అనే ఇంకో దారి వచ్చింది. అక్కడ కనీస దరఖాస్తు మొత్తాన్ని 2023లో 2 లక్షల నుంచి 10,000 రూపాయలకు, 2025లో 1,000 రూపాయలకు తగ్గించారు. ఊరి స్థాయి గ్రూపులకు అది ఇంకా దూరమే.

వెనకబడేది ఎవరో కూడా ముందే కనబడుతోంది. విశాఖలో, హైదరాబాదులో, డాలస్‌లో బంధువులున్న రాయగడ కుటుంబానికి మొదటి 20 శాతం వారంలో వస్తుంది. అదే జిల్లాలో కొండ మీద ఉన్న సవర ఊరికి అలాంటి చుట్టాలు లేరు. ఆ ఊరి తరఫున అడిగేది పట్నంలోని తెలుగు కుర్రాళ్ళే అవుతారు. ఫొటోల్లో ఊరివాళ్ళు ఉంటారు, ఖాతా పట్నంలో ఉంటుంది. ఇది చెడ్డ ఉద్దేశంతో జరగదు కానీ ఫలితం మాత్రం తేడాగా ఉంటుంది. మర పాడైతే బాగుచేయించేది ఎవరు, ఆడించిన కూలి డబ్బు ఎవరి పెట్టెలో పడుతుంది, రెండేళ్ళ తర్వాత దాన్ని అమ్మాలంటే సంతకం ఎవరిది అన్న ప్రశ్నలు అప్పుడు పుడతాయి.

వీటికి జవాబు డబ్బు వచ్చాక రాస్తే ఆలస్యమవుతుంది. మర ఆ ఊరి మహిళా సంఘం పేరున ఉంటుందని, ఖర్చుల పుస్తకం తెలుగులోనూ ఒడియాలోనూ రాసి మర గదిలోనే ఉంచుతారని, నెలకోసారి దాన్ని సవరలో చదివి వినిపిస్తారని మొదటి రూపాయి అడిగే పేజీలోనే రాసి ఉండాలి. డబ్బు పంపే అపరిచితుడు లింకు తెరిచినప్పుడు ఫొటోలకంటే ముందు చూడాల్సిన వాక్యాలు అవే.